మెసేజ్ వెళ్తుంది, కాల్ మాత్రం కలవదు: ఇంటి రౌటర్‌లోని ‘నాట్’ గురించి ప్రవాస కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిది. విజయవాడలో ఆదివారం ఉదయం ఏడున్నర. ‘ఖాళీగా ఉన్నారా, కాల్ చేయనా?’ అని అమ్మ పెట్టిన మెసేజ్ క్షణంలో వచ్చింది. కాల్ చేస్తే రింగ్ అయింది, అమ్మ ఎత్తింది, తెర మీద ‘కనెక్టింగ్’ అని అలాగే ఉండిపోయింది. రెండోసారి కలిసింది కానీ మన మాట అటు వినిపించదు. ‘మీ నెట్ బాగాలేదు’ అని ఇక్కడివాళ్లు, ‘మాకు బాగానే ఉంది, సినిమా కూడా వస్తోంది’ అని అక్కడివాళ్లు. చివరకు ‘సర్లే, రేపు మాట్లాడదాం’ అని ముగిస్తారు.

చాలా ఇళ్లలో ఈ గొడవకు నెట్ వేగం కారణం కాదు. రెండు ఇళ్ల రౌటర్లలో, కొన్నిసార్లు ఇంటర్నెట్ కంపెనీ దగ్గర కూడా పనిచేసే ‘నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్’ అనే ఏర్పాటు అసలు కారణం కావచ్చు. దాన్నే పొట్టిగా నాట్ అంటారు. అది ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే, ఏ సమస్య మన చేతిలో ఉంది, ఏది కంపెనీని అడగాలి, దేన్ని వదిలేయాలి అన్నది తేల్చుకోవచ్చు. మామూలు రోజున కాల్ కలవకపోతే పెద్ద నష్టం లేదు. నాన్న ఆసుపత్రిలో ఉన్న రోజున కలవకపోతే ఆ బాధ వేరు. అందుకే అవసరం పడకముందే ఒకసారి అన్నీ సరిచూసి పెట్టుకోవడం మంచిది.

నాట్ ఎందుకు వచ్చింది?

ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఒక చిరునామా కావాలి. మనం ఎక్కువగా వాడే పాత పద్ధతి, అంటే ఐపీవీ4లో మొత్తం చిరునామాలు 429 కోట్ల పైచిలుకు మాత్రమే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, కెమెరాలు అన్నీ కలిపితే అవి ఎటూ చాలవు. ఈ కొరత వస్తుందని 1990ల మొదట్లోనే ఇంజనీర్లకు తెలిసింది. 1994లో నాట్ పద్ధతిని వివరించే పత్రం వచ్చింది. 1996లో ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి మూడు చిరునామా వరుసలను విడిగా కేటాయించారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. వీటిని ప్రైవేటు చిరునామాలు అంటారు. మీ ఇంట్లోనూ, మీ పక్కింట్లోనూ, ఊళ్లో మీ అన్నయ్య ఇంట్లోనూ 192.168.1.5 అనే ఫోన్ ఉండవచ్చు. బయటి ఇంటర్నెట్‌లో ఆ చిరునామాకు విలువ లేదు.

2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి సంస్థ దగ్గర పంచడానికి మిగిలిన ఐపీవీ4 చిరునామాల నిల్వ అయిపోయింది. అప్పటి నుంచి కంపెనీలు ఉన్నవాటినే పొదుపుగా వాడుకుంటున్నాయి.

అపార్ట్‌మెంట్ గేటు, వాచ్‌మన్ రిజిస్టరు

కూకట్‌పల్లిలో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి అనుకోండి. బయటివాళ్లకు తెలిసిన చిరునామా ఒక్కటే. గేటు ఒకటే, వాచ్‌మన్ ఒక్కడే. 302వ ఫ్లాటువాళ్లు బయటికి ఉత్తరం పంపితే, వాచ్‌మన్ రిజిస్టరులో ‘302, నంబరు 41205’ అని రాసుకుని, ఉత్తరం మీద అపార్ట్‌మెంట్ చిరునామాతో పాటు ఆ నంబరు వేసి పంపుతాడు. జవాబు ఆ నంబరుతో వస్తే రిజిస్టరు చూసి 302కి చేరుస్తాడు. ఏ నంబరూ లేకుండా ఎవరైనా వస్తే, ‘ఎవరింటికో తెలియదు’ అని గేటు దగ్గరే తిప్పి పంపేస్తాడు. కొంతసేపు ఉత్తరాలేమీ నడవకపోతే రిజిస్టరులో ఆ వరుస కొట్టేస్తాడు.

మీ రౌటర్ చేసేది ఇదే. ఉత్తరం మీద వేసే నంబరును పోర్టు అంటారు. ఒక్కో బయటి చిరునామాకు 65,536 పోర్టు నంబర్లు ఉంటాయి కాబట్టి ఇంట్లో ఇరవై పరికరాలున్నా ఒకే చిరునామాతో పని జరిగిపోతుంది. ఇందులో మూడు విషయాలు గుర్తుంచుకోండి. లోపలి నుంచి మొదలయ్యే పనికి ఇబ్బంది లేదు. బయటి నుంచి తనంతట తానుగా వచ్చేదాన్ని రౌటర్ లోపలికి రానివ్వదు. కదలిక లేకపోతే రిజిస్టరులో వరుస చెరిగిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పే సమస్యల్లో చాలావరకు ఈ మూడింటి నుంచే పుడతాయి.

మెసేజ్‌కు లేని ఇబ్బంది కాల్‌కు ఎందుకు?

మెసేజ్ మీ ఫోన్ నుంచి నేరుగా అమ్మ ఫోన్‌కు పోదు. మీ ఫోన్ కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. అమ్మ ఫోన్ కూడా ముందుగానే అదే సర్వర్‌తో సంబంధం తెరిచి ఉంచుకుంటుంది. రెండు వైపులా పని లోపలి నుంచే మొదలైంది కాబట్టి ఏ వాచ్‌మనూ అడ్డుపడడు.

ఇద్దరే మాట్లాడుకునే కాల్ అలా కాదు. మాటైనా బొమ్మైనా ఆలస్యం లేకుండా చేరాలి కాబట్టి, వీలైతే రెండు ఫోన్లూ మధ్యలో సర్వర్ లేకుండా నేరుగా కలవాలని యాప్ ప్రయత్నిస్తుంది. కానీ రెండూ గేటు లోపల ఉన్నవే. ఎవరు ముందు వెళ్లినా అవతలి వాచ్‌మన్ ఆపేస్తాడు. రింగ్ అవుతుంది, ఎందుకంటే రింగ్ కబురు సర్వర్ మీదుగా వస్తుంది. ఎత్తాక మాట కలవదు, ఎందుకంటే అక్కడి నుంచి దారి వేరు.

ఈ చిక్కుకు యాప్‌లు మూడు ఉపాయాలు వాడతాయి. మొదటిది స్టన్. ఫోన్ బయట ఉన్న ఒక సర్వర్‌ను ‘నేను నీకు ఏ చిరునామాతో, ఏ పోర్టుతో కనిపిస్తున్నాను?’ అని అడుగుతుంది. వచ్చిన జవాబును అవతలి ఫోన్‌కు సర్వర్ ద్వారా తెలియజేస్తుంది. ఆపైన రెండు ఫోన్లూ ఒకే సమయంలో ఒకదానికొకటి ప్యాకెట్లు పంపుకుంటాయి. రెండు రిజిస్టర్లలోనూ వరుసలు పడతాయి కాబట్టి తర్వాత వచ్చేవి జవాబులుగా లెక్కకు వచ్చి లోపలికి చేరతాయి.

రెండోది టర్న్. కొన్ని రౌటర్లు మరీ కచ్చితమైన వాచ్‌మన్‌లు. ఒక్కొక్కరికి పంపే ఉత్తరానికి ఒక్కో కొత్త నంబరు వేస్తాయి, ఆ నంబరుతో వాళ్ల జవాబునే ఒప్పుకుంటాయి. స్టన్ సర్వర్ చెప్పిన నంబరు అమ్మ ఫోన్‌కు పనికిరాదు. అలాంటప్పుడు మధ్యలో ఒక సర్వర్ పెట్టి, మాటంతా దాని మీదుగా నడిపిస్తారు. దారి కాస్త చుట్టు అవుతుంది కానీ కాల్ నిలబడుతుంది. మూడోది ఐస్. ఇది సాధ్యమైన దారులన్నీ జాబితా వేసి, ఒక్కొక్కటీ పరీక్షించి, పనిచేసేవాటిలో మెరుగైనదాన్ని ఎంచుకునే పద్ధతి.

‘కనెక్టింగ్’ అని కనిపించే ఆ కొద్ది క్షణాల్లో జరిగేది ఈ వెతుకులాటే. 2003లో వచ్చి 2025 మే 5న మూతపడిన స్కైప్ అంతగా పేరు తెచ్చుకోవడానికి ఇదొక కారణం. మొదట్లో అది నేరుగా ఇంటర్నెట్‌కు తగిలి ఉన్న ఇతర వాడుకరుల కంప్యూటర్లనే మధ్యవర్తులుగా వాడుకుని, సెట్టింగ్‌లేవీ మార్చకుండానే కాల్ కలిపేది.

మీ ఇంట్లో ఎన్ని నాట్‌లు ఉన్నాయి?

ఇది తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ముందు రౌటర్ యాప్‌లోగానీ, రౌటర్ పేజీలోగానీ ‘వాన్ ఐపీ’ లేదా ‘ఇంటర్నెట్ ఐపీ’ అని ఉన్నచోట కనిపించే చిరునామా రాసుకోండి. తర్వాత అదే వైఫై మీద ఉండి బ్రౌజర్‌లో మీ ఐపీ ఏమిటో చూపించే ఏదైనా సైట్ తెరవండి. అక్కడ కనిపించే ఐపీవీ4 చిరునామాతో పోల్చండి. ఆ సమయంలో వీపీఎన్ ఆపి ఉంచండి.

రెండూ ఒకటే అయితే మీ ఇంట్లో ఒకే నాట్ ఉంది. ఇది మంచి స్థితి. వాన్ చిరునామా 192.168తోగానీ, 172.16 నుంచి 172.31 మధ్యగానీ ఉంటే మీ రౌటర్‌కు ముందు ఇంకో రౌటర్ ఉన్నట్లే. దీన్ని డబుల్ నాట్ అంటారు. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీ ఇంటర్నెట్ కంపెనీయే చాలామంది ఖాతాదారులను ఒకే పబ్లిక్ చిరునామా వెనక పెట్టింది. ఈ వరుసను 2012లో ప్రత్యేకంగా ఈ పనికోసమే కేటాయించారు. 10తో మొదలైతే రెండింటిలో ఏదైనా కావచ్చు. ఇంట్లో రెండో రౌటర్ లేకపోతే అది కంపెనీదే.

ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో కూడా ఇదే పరీక్ష చేయించండి. పక్కింటి కుర్రాడో, సెలవులకు వచ్చిన మేనల్లుడో ఉంటే రెండు ఫోటోలు తీసి పంపమంటే సరిపోతుంది. రౌటర్ కింద ఉన్న స్టిక్కర్ ఫోటో కూడా తీయించి దాచుకోండి.

డబుల్ నాట్: ఇంట్లోనే పోయే సమస్య

అమెరికాలో, బ్రిటన్‌లో చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, కంపెనీ ఇచ్చిన మోడెమ్‌లోనే రౌటర్ ఉంటుంది. సిగ్నల్ పై అంతస్తుకు రావడం లేదని మనం సొంతంగా మెష్ సెట్టు కొని దానికి తగిలిస్తాం. ఇప్పుడు వాచ్‌మన్‌లు ఇద్దరు. రిజిస్టర్లు రెండు.

సరిచేయడానికి రెండు మార్గాలు. కంపెనీ డబ్బాను ‘బ్రిడ్జ్ మోడ్’లో పెడితే అది మోడెమ్ పని మాత్రమే చేస్తుంది, నాట్ పని మీ రౌటర్ ఒక్కటే చూసుకుంటుంది. అలా కుదరకపోతే మీ మెష్‌ను ‘యాక్సెస్ పాయింట్ మోడ్’లో పెట్టండి. అప్పుడు కంపెనీ డబ్బాయే రౌటర్, మెష్ వైఫైని విస్తరించే పని మాత్రమే చేస్తుంది. మార్చే ముందు రెండు విషయాలు చూసుకోండి. కంపెనీ ల్యాండ్‌లైన్ లేదా టీవీ డబ్బా ఆ మోడెమ్ మీద ఆధారపడి ఉంటే బ్రిడ్జ్ మోడ్‌లో ఆగిపోవచ్చు, ముందే అడగండి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో మెష్‌లోని పిల్లల సమయ నియంత్రణ వంటి కొన్ని సౌకర్యాలు పనిచేయకపోవచ్చు. ఏం చేసినా పాత సెట్టింగ్‌ల ఫోటో తీసుకున్నాకే చేయండి.

టీవీలో కాస్టింగ్ గుర్తు కనిపించకపోవడం కూడా ఎక్కువగా ఇందువల్లే. టీవీ కంపెనీ వైఫై మీద, ఫోన్ మెష్ వైఫై మీద ఉంటే అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. ఫోన్ టీవీని వెతకడానికి వేసే కేక ఒక నెట్‌వర్క్ దాటి పోదు. వీసా మీద వచ్చిన అత్తగారికీ మామగారికీ గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ ఇస్తే కూడా ఇదే జరుగుతుంది. గెస్ట్ వైఫైలో పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా ఉండటం దాని పద్ధతి. భక్తి పాటలు టీవీలో పెట్టుకోవాలంటే వాళ్ల ట్యాబ్‌ను ఇంటి వైఫైలోకి మార్చాల్సిందే.

కంపెనీ నాట్: అడిగి సాధించుకునేది

ఊళ్లలోని స్థానిక బ్రాడ్‌బ్యాండ్‌లు, ఫోన్ డేటా, ఇక్కడి 5జీ హోమ్ ఇంటర్నెట్‌లలో కంపెనీ నాట్ సర్వసాధారణం. దీన్ని మీ రౌటర్‌లో ఏ బటన్ నొక్కినా తీసేయలేరు. పోర్ట్ ఫార్వర్డింగ్ అనే సెట్టింగ్ పెట్టినా, మీ గేటు తెరుచుకుంటుందే తప్ప వీధి చివరి గేటు తెరుచుకోదు.

అయినా చాలామందికి మెసేజ్‌లు, కాల్స్, సినిమాలు దీని వెనక నుంచే సజావుగా నడుస్తాయి. రెండు వైపులా కంపెనీ నాట్ ఉండి, రెండూ కచ్చితమైన రకం అయినప్పుడు నేరు దారి మూసుకుపోయి, కాల్ మధ్య సర్వర్ మీదుగా పోతుంది. అప్పుడు చూడాల్సినవి మూడు. మొదటిది, రౌటర్‌లో ఐపీవీ6 ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఈ కొత్త పద్ధతిలో చిరునామాలకు కొరత లేదు కాబట్టి నాట్ అవసరం ఉండదు. భారత్ ఐపీవీ6 వాడకంలో ముందు వరుసలో ఉన్న దేశాల్లో ఒకటి, 2016లో మొదలైన జియో మొబైల్ నెట్‌వర్క్ అందుకు పెద్ద కారణం. రెండు వైపులా ఐపీవీ6 ఉంటే కాల్ నేరుగా కలిసే అవకాశం పెరుగుతుంది. రెండోది, కంపెనీకి ఫోన్ చేసి ‘పబ్లిక్ ఐపీ’ లేదా ‘స్టాటిక్ ఐపీ’ ఇస్తారా అని అడగండి. కొన్ని కంపెనీలు నెలకు కొంత అదనంగా తీసుకుని ఇస్తాయి. కాల్స్ కోసమే అయితే దీనికి డబ్బు పెట్టనవసరం లేదు. ఇంట్లో సొంత సర్వర్ నడిపేవాళ్లకే ఇది అవసరం. మూడోది, రెండు ఇళ్లలో ఒకచోటైనా మంచి స్థితి ఉంటే నేరు దారి దొరకడం సులువు. కాబట్టి ముందు మీ ఇంట్లో డబుల్ నాట్ తీసేయండి.

మాట ఒకవైపే వినిపిస్తుంటే

ముందు రౌటర్‌ను తిట్టకండి. ఫోన్‌లో ఆ యాప్‌కు మైక్ అనుమతి ఉందా, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఇంకో గదిలో తగిలి ఉందా చూడండి. అవన్నీ సరిగా ఉంటే వైఫై మార్చి చూడండి.

ల్యాండ్‌లైన్‌లా వాడుకునే ఇంటర్నెట్ ఫోన్ డబ్బాలలో ఒకవైపు మాట సమస్యకు కారణం చాలాసార్లు ‘సిప్ ఏఎల్‌జీ’ అనే రౌటర్ సెట్టింగ్. ఆ ఫోన్లు తమ చిరునామాను సందేశం లోపల కూడా రాస్తాయి. రౌటర్ సాయం చేస్తున్నాననుకుని దాన్ని దిద్దుతుంది, సరిగా దిద్దలేక చెడగొడుతుంది. ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి రౌటర్‌ను తిరిగి ఆన్ చేస్తే చాలామందికి సమస్య తీరుతుంది.

మాటలు, బొమ్మలు వెళ్లే పద్ధతిని యూడీపీ అంటారు. పోయిన ముక్క కోసం ఆగకుండా ముందుకు సాగిపోవడం దాని లక్షణం. ఆఫీసు, కాలేజీ, ఆసుపత్రి వైఫైలలో కొన్ని యూడీపీని పూర్తిగా ఆపేస్తాయి. కొన్ని యాప్‌లు అప్పుడు మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీదుగా మాటను నడుపుతాయి, కొన్ని చేతులెత్తేస్తాయి. ఆసుపత్రి వార్డు నుంచి తమ్ముడు కాల్ చేస్తుంటే కలవకపోతే అక్కడి వైఫై ఆపి ఫోన్ డేటా మీద చేయమని చెప్పడమే అన్నిటికన్నా త్వరగా ఫలించే ఉపాయం.

రింగ్ రాకుండా మిస్డ్ కాల్ మాత్రమే కనిపిస్తుంటే

యాప్ తెరిస్తేనే మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా పడుతున్నాయా? రిజిస్టరులో వరుస చెరిగిపోవడం దీనికి ఒక కారణం. నిద్రలో ఉన్న ఫోన్ సర్వర్‌తో తెరిచి ఉంచుకున్న సంబంధాన్ని రౌటర్ తొందరపడి మూసేస్తే, కొత్త కబురు వచ్చే దారి ఉండదు. ఐఫోన్లు ఇందుకు 5223 పోర్టును, ఆండ్రాయిడ్ ఫోన్లు 5228 నుంచి 5230 వరకు ఉన్న పోర్టులను వాడతాయి. రౌటర్‌లో ఫైర్‌వాల్ కఠినంగా పెట్టి ఉంటే వీటిని బయటికి వెళ్లనివ్వాలి. అయితే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువసార్లు తప్పు బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్‌ది. అమ్మానాన్నల ఫోన్‌లో మీరు వాడే కాలింగ్ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయించండి. రాత్రి పూట అత్యవసరంగా చేసే కాల్ మోగాలంటే ఇది ముఖ్యం.

యాప్‌లలోనే ఉన్న రెండు సెట్టింగ్‌లు

వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, అడ్వాన్స్‌డ్ కింద కాల్స్‌లో ఐపీ చిరునామాను కాపాడే మీట ఉంది. అది ఆన్‌లో ఉంటే కాల్స్ అన్నీ వాట్సాప్ సర్వర్ల మీదుగా పోతాయి. మీ చిరునామా అవతలివారికి తెలియదు, కాకపోతే నాణ్యత కొంచెం తగ్గవచ్చు. టెలిగ్రామ్‌లో ప్రైవసీ కింద కాల్స్‌లో ‘పీర్ టు పీర్’ అనే ఎంపిక కూడా ఇలాంటిదే. నేరు దారిలో కాల్ తెగిపోతూ ఉంటే వీటిని మార్చి చూడండి. ఒక వారం పాటు ఏది మెరుగో గమనించి అలాగే ఉంచుకోండి. వాట్సాప్‌లో కుటుంబమంతా కలిసే గ్రూప్ కాల్ ఎప్పుడూ సర్వర్ మీదుగానే పోతుంది. అందుకే ఇద్దరి కాల్ కలవని చోట గ్రూప్ కాల్ కలవడం కొన్నిసార్లు జరుగుతుంది. సర్వర్ మీదుగా పోయినా మాటలు గుప్తంగానే ఉంటాయి.

సినిమాలు, లైవ్ టీవీ

ఆహా, నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ వంటివి నాట్‌కు భయపడవు. మన పరికరమే సర్వర్‌ను అడిగి, వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా తెచ్చుకుంటుంది. కాబట్టి సినిమా ఆగి ఆగి వస్తుంటే నాట్ సెట్టింగ్‌లు తిరగేయకుండా వైఫై బలం, నెట్ వేగం చూడండి. నెట్‌ఫ్లిక్స్ తన పూర్తి హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలని చెబుతుంది. ‘సినిమా బాగా వస్తోంది, కాల్ మాత్రం రావడం లేదు’ అనే మాటకు అర్థం ఇక్కడుంది. సినిమాకు దిగుమతి వేగం ఒక్కటి చాలు, ముందే కొంత తెచ్చి దాచుకుంటుంది. కాల్‌కు రెండు వైపులా ఎగుమతి వేగం కావాలి, దాచుకునే వీలు లేదు.

కంపెనీ నాట్ వల్ల స్ట్రీమింగ్‌లో వచ్చే ఇబ్బంది ఇంకో రకం. వందలమంది ఒకే చిరునామాతో కనిపించడం వల్ల ‘మీరు మనిషేనా’ అనే పరీక్షలు పదేపదే రావచ్చు. ఆ చిరునామా వేరే దేశానిదని ఓటీటీ పొరపాటు పడితే ‘మీ ప్రాంతంలో లభించదు’ అని కూడా చూపవచ్చు. అప్పుడు మీ పబ్లిక్ చిరునామా జతచేసి ఓటీటీ సహాయ విభాగానికి, ఇంటర్నెట్ కంపెనీకి రాయండి. హక్కులు ఒక దేశానికే పరిమితమైన సినిమా రాకపోవడం మాత్రం వేరే సంగతి, దానికీ నాట్‌కూ సంబంధం లేదు.

ఊళ్లో ఇంటి కెమెరా చూడాలనుకుంటే

పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంట్లో కెమెరా పెట్టించి ఇక్కడి నుంచి చూసుకోవడం ఇప్పుడు మామూలైంది. కెమెరా పెట్టినవారు ‘రౌటర్‌లో పోర్టు తెరిచాను సార్’ అంటే జాగ్రత్త పడండి. అలా తెరిచిన పోర్టును మీరొక్కరే కాదు, ప్రపంచంలో ఎవరైనా తట్టవచ్చు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, వీడియో రికార్డర్లను పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటితో జరిపిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు గంటల తరబడి అందలేదు.

కెమెరా తయారీదారు యాప్ ద్వారా చూసే పద్ధతిలో కెమెరాయే లోపలి నుంచి సర్వర్‌ను కలుస్తుంది కాబట్టి పోర్టు తెరవాల్సిన పని లేదు. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టుకోండి. యూపీఎన్‌పీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఇంట్లోని పరికరాలు అడగకుండానే పోర్టులు తెరుచుకోగలవు. ఆటల కన్సోల్ కోసం అవసరమైతే తప్ప ఆఫ్‌లో ఉంచండి. కంప్యూటర్ పరిజ్ఞానం ఉన్నవాళ్లు రెండు ఇళ్లనూ వీపీఎన్‌తో కలుపుకోవచ్చు. అప్పుడు రెండు ఇళ్లూ 192.168.1 వరుసలోనే ఉంటే దారులు తికమకవుతాయి. ఒక ఇంటిని 192.168.37 లాంటి వేరే వరుసకు మార్చండి.

గల్ఫ్‌లో ఉన్నవారికి

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి దుబాయ్, షార్జా వెళ్లినవారికి మెసేజ్ వెళ్లి కాల్ వెళ్లకపోవడం అలవాటే. లక్షణం ఒకటే కానీ కారణం వేరు. యూఏఈలో ఇంటర్నెట్ కాలింగ్ సేవలకు అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. వాట్సాప్ కాల్ కలవకపోవడం అందువల్లే. రౌటర్‌లో ఏం మార్చినా లాభం లేదు. అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను ఇంటిదగ్గర వాళ్ల ఫోన్‌లో కూడా వేయించుకోవడమే దారి. నేరానికి వీపీఎన్ వాడి చిరునామా దాచితే అక్కడి సైబర్ చట్టం కింద భారీ జరిమానా ఉంటుంది. ఎవరో చెప్పారని ఊరూపేరూ లేని వీపీఎన్ యాప్‌లు వేసుకోవద్దు.

ఒకే గదిలో పదిహేను ఇరవై ఫోన్లు ఒక చిన్న రౌటర్ మీద నడిచే చోట దాని రిజిస్టరే నిండిపోవచ్చు. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే బాగుపడి, కొన్ని గంటల్లో మళ్లీ మొదటికొస్తే అదే గుర్తు. కొంచెం పెద్ద రౌటర్ అందరూ కలిసి కొనుక్కోవాలి.

దూరం చేసే ఆలస్యం

హైదరాబాద్ నుంచి డాలస్‌కు సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒకవైపు ప్రయాణానికే కనీసం 70 మిల్లీ సెకన్లు. కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీ సెకన్ల లోపు ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోవడం ఈ దూరం వల్ల జరిగేదే. అది ఏ సెట్టింగ్‌తోనూ పోదు. ఒకరు ముగించాక క్షణం ఆగి మాట్లాడటం ఒక్కటే మందు.

వరుసగా చూడాల్సినవి

1. ఒకేసారి ఒక్కటే మార్చండి. ముందు మీరు వైఫై నుంచి ఫోన్ డేటాకు మారండి. బాగుపడితే సమస్య మీ ఇంట్లో ఉంది. లేకపోతే మీరు వైఫైకి తిరిగి వచ్చి, అవతలివారిని మారమనండి.
2. అదే మనిషికి వేరే యాప్‌లో కాల్ చేయండి. అది కలిస్తే మొదటి యాప్ అనుమతులు, అప్‌డేట్ చూడండి.
3. రెండు వైపులా రౌటర్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. వీపీఎన్ ఉంటే ఆపండి.
4. వాన్ చిరునామా పోల్చండి. డబుల్ నాట్ ఉంటే తీసేయండి.
5. ఐపీవీ6 ఆన్ చేయండి. ఇంటర్నెట్ ఫోన్ డబ్బా ఉంటే సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేయండి.
6. కంపెనీ నాట్ ఉండి కాల్స్ తెగుతుంటే యాప్‌లో సర్వర్ మీదుగా పోయే ఎంపిక ప్రయత్నించండి.
7. రౌటర్ పాస్‌వర్డ్ మార్చండి. తెలియని పోర్టులు తెరిచి ఉంటే మూసేయండి.

చివరగా, అమ్మానాన్నల ఫోన్‌లో రెండు కాలింగ్ యాప్‌లు వేసి, రెండింటితోనూ ఒకసారి మాట్లాడించి చూడండి. వైఫై ఆపి డేటా వేయడం ఎలాగో వాళ్ల చేతే రెండుసార్లు చేయించండి. పక్కింటివారి నంబరు మీ దగ్గర రాసి ఉంచుకోండి. మామూలు ఫోన్ కాల్‌కు ఈ నాట్ గొడవలేవీ ఉండవు. కాబట్టి ఇంటర్నెట్ మొత్తం పోయిన రోజు కోసం విదేశాలకు నేరుగా చేసే కాల్ కూడా రెండు వైపులా ఒకసారి పరీక్షించి పెట్టుకోండి. వచ్చే శనివారం రాత్రి మాట్లాడేటప్పుడు ఓ పదిహేను నిమిషాలు దీనికి కేటాయిస్తే చాలు.